ఒకటి… ఒకటి… ఒకటి… మరి మిగతా పిల్లల మాటేమిటి?

రిజల్ట్స్ వచ్చిన రోజు టీవీ పెడితే చాలు. "ఒకటి… ఒకటి… ఒకటి… రెండు… రెండు… మూడు…" అంటూ ఊపిరి తీసుకోకుండా ఓ గొంతు ర్యాంకులు చదివేస్తుంటుంది. తెల్లారి పేపర్ తీస్తే మొదటి పేజీ నిండా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. ఒక్కో ఫొటో కింద 470కి 467, 466, 466… తెలుగునాట ఈ ప్రకటన చూడని ఇల్లు లేదు.

ఆ పేజీలో పట్టే ఫొటోలు ఓ వంద. ఆ కాలేజీల్లో చదివిన పిల్లలు వేలల్లో ఉంటారు. ఫొటో పడని ఆ పిల్లల మాటేమిటి? తెల్లారుజామున లేచి, అర్ధరాత్రి దాకా బట్టీ పట్టిన ఆ చదువు వాళ్లకేం మిగిల్చింది? మనకందరికీ దానివల్ల ఏం ఒరిగింది?

ఆదివారం, గేటు దగ్గర

విజయవాడ శివార్లలోనో, హైదరాబాద్ మాదాపూర్‌లోనో ఏదో ఒక రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గర ఓ విజిటింగ్ ఆదివారం కాసేపు నిలబడి చూడండి. ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చిన అమ్మానాన్నలు చెట్టు నీడ కోసం వెతుక్కుంటుంటారు. తల్లి క్యారియర్ విప్పుతుంది. పప్పు, గోంగూర పచ్చడి, కోడికూర. పిల్లాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే తండ్రి అడుగుతాడు, "మొన్నటి వీకెండ్ టెస్టులో ఎంతొచ్చిందిరా?" ఎంతొచ్చిందో ఆయన ఫోన్‌కి మెసేజ్ ముందే వచ్చేసి ఉంటుంది. తెలిసీ అడుగుతాడు. ఆ ముద్ద ఇక గొంతు దిగదు.

ఆ తండ్రిని తప్పుపట్టడం తేలిక. ఆయన వెనక ఎకరం పొలం తాకట్టో, పాడుకున్న చీటీయో, ఆడపిల్ల పెళ్లి కోసం దాచిన డబ్బో ఉండొచ్చు. తన బతుకు కొడుక్కి రాకూడదన్న ఒక్క ఆశతో కూర్చున్నాడాయన. తప్పు ఆయన ఆశలో లేదు. ఆ ఆశని కొనుక్కున్న పద్ధతిలో ఉంది.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. పొద్దున ఐదింటికో ఐదున్నరకో మొదలైన స్టడీ అవర్ రాత్రి పదిన్నర స్టడీ అవర్‌తో ముగుస్తుంది. చాలాచోట్ల ఆటస్థలం ఉండదు, అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగే కాలేజీ, అదే హాస్టల్. వారం వారం టెస్టు. వచ్చిన మార్కుల్ని బట్టి సెక్షన్ మారిపోతుంది. పై సెక్షన్‌కి చేయి తిరిగిన లెక్చరర్లు వెళ్తారు. కింది సెక్షన్‌కి నిన్నగాక మొన్న చేరినవాళ్లు వస్తారు. ర్యాంకు తెస్తాడనుకున్న పిల్లాడికి ఫీజులో రాయితీ, ఒక్కోసారి పూర్తి మాఫీ. పైసా తగ్గకుండా కట్టేది ఎవరు? కింది సెక్షన్ల పిల్లల తండ్రులు. అంటే పేపర్లో ఆ ఫొటోల ఖర్చు భరిస్తున్నది ఫొటో పడని పిల్లల ఇళ్లే! ఈ సంగతి గేటు బయట కూర్చున్న చాలామందికి తెలియదు.

మంచి లేదా? ఉంది

పరీక్షని ఊరికే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఒకప్పుడు డొనేషన్ కట్టగలిగినవాడికీ, సిఫార్సు ఉత్తరం తెచ్చుకోగలిగినవాడికీ ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లు దొరికేవి. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజుని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దశకంలోనే ఎంసెట్ కూడా వచ్చింది. హాల్ టికెట్ నంబరుకి నాన్న ఎవరో తెలియదు, ఊరేదో తెలియదు. కూలీ కొడుకూ కలెక్టర్ కూతురూ ఒకే ప్రశ్నపత్రం రాశారు. ఇవాళ హైటెక్ సిటీలోనూ, అమెరికాలో డాలస్‌లోనూ కనిపించే తెలుగు ఇంజినీర్లలో ఎంతోమంది ఆ దారిన నడిచొచ్చినవాళ్లే. ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడయ్యాక ఆ దారి ఇంకా వెడల్పైంది.

మరి ఎక్కడ చెడింది? ప్రశ్నపత్రం అందరికీ ఒకటే గానీ, దానికి తయారయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదు. నల్లకుంటలో ఐఐటీ రామయ్య గారి కోచింగ్‌లో సీటు కోసం ఎంట్రన్స్ ఉండేది. ఆ ఎంట్రన్స్‌కి మళ్లీ విడిగా కోచింగ్‌లు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. డబ్బున్నవాడు ఏడేళ్లు ముందు మొదలుపెడతాడు. లేనివాడు అప్పు చేసి వెంటపడతాడు. డబ్బు మాట చెల్లకూడదని తెచ్చిన పరీక్షలోకి డబ్బే పెరటి గుమ్మం గుండా వచ్చి కూర్చుంది.

క్యూ పెరిగింది, దర్శనం పెరగలేదు

ఐఐటీలన్నిటిలో కలిపి బీటెక్ సీట్లు దాదాపు 18 వేలు. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు ఏటా 10 లక్షలకు పైనే. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు, ఎంబీబీఎస్ సీట్లు లక్షకి కాస్త ఎక్కువ. పిల్లలంతా రోజుకి ఇంకో రెండు గంటలు ఎక్కువ చదివితే సీట్లు పెరుగుతాయా? ఒక్కటీ పెరగదు. తిరుమల క్యూలో జనమంతా రెండు గంటల ముందే వచ్చి నిలబడితే దర్శనం ముందు కాదు కదా! కాళ్ల నొప్పులు మాత్రం అందరికీ రెండు గంటలు ఎక్కువ.

పోనీ, ఆ గంటల్లో విద్య అయినా వంటబడుతోందా అంటే అదీ అనుమానమే. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లాడు ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటాడు, మార్కులు బాగా పడతాయని. రెండేళ్లయ్యాక సంస్కృతంలో ఒక్క వాక్యం రాదు, తెలుగులో ఒక ఉత్తరం రాయలేడు. చాలాచోట్ల ల్యాబ్ తలుపు తీసేది ప్రాక్టికల్స్ నెలలోనే. నాలుగు ఆప్షన్లలో సరైనది పట్టేయడం నేర్చినవాడికి, ఆప్షన్లే లేని సమస్య ఎదురైతే కాలు చెయ్యి ఆడదు.

ఈ దారిలో మనకంటే ముందు వెళ్లిన దేశం దక్షిణ కొరియా. అక్కడ కాలేజీ ఎంట్రన్స్ రోజు, ఇంగ్లిష్ లిజనింగ్ టెస్టు జరిగేటప్పుడు విమానాలు కూడా దిగవు, ఎగరవు. సియోల్‌లో రాత్రి పది దాటాక కోచింగ్ సెంటర్లు నడపకూడదని రూలు పెట్టాల్సి వచ్చింది. చదువులో, ఉద్యోగాల్లో ఆ దేశం పేరు తెచ్చుకుంది, నిజమే. కానీ 2023లో అక్కడ ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు 0.72కి పడిపోయారు. ఇళ్ల ధరలు, ఉద్యోగాల ఒత్తిడితో పాటు పిల్లల చదువుకయ్యే ఖర్చుని కూడా అక్కడివాళ్లు కారణంగా చెబుతారు. పోటీలో గెలిపించడానికి పిల్లల్ని పెంచడం మొదలుపెడితే, చివరికి పిల్లల్ని కనడానికే భయపడే రోజొస్తుందన్నమాట.

సున్నా, తొంభై తొమ్మిది

2019 ఏప్రిల్‌ని తెలంగాణ మర్చిపోలేదు. ఇంటర్ ఫలితాలు వచ్చాయి. రాసినవాళ్లు 9 లక్షలకు పైగా, తప్పినవాళ్లు 3 లక్షలకు పైగా. మార్కుల మెమోల్లో తప్పుల తడకలు బయటపడ్డాయి. ఓ అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. పేపర్ మళ్లీ దిద్దితే వచ్చింది 99! ఫలితాల తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

మార్కు తప్పు కావచ్చన్న ఆలోచన ఆ పిల్లలకి ఎందుకు రాలేదు? ఎందుకంటే మార్కే నువ్వు, ర్యాంకే నువ్వు అని పదేళ్లుగా మనమే నూరిపోశాం. వాళ్లు నమ్మారు.

విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేశారు. నివేదికలొచ్చాయి, టైంటేబుళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఓ అమ్మాయి మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, నలుగురిలో అవమానించొద్దని కోచింగ్ సెంటర్లకి చెప్పింది. చూశారా, జబ్బు వేరు ఎక్కడుందో కోర్టుకీ సెక్షన్ల దగ్గరే కనిపించింది.

ఇంకో దారి మనింట్లోనే ఉంది

ఎంట్రన్స్ లేకుండా ప్రతిభని గుర్తించలేమా? 2008లో మన దగ్గరే చేసి చూపించారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేర్చుకున్నారు. సర్కారు బడి పిల్లలకి కొంత అదనపు వెయిటేజీ కలిపారు. ఇంటర్ కోసం కార్పొరేట్ గుమ్మం తొక్కాల్సిన పని లేకుండా పల్లెటూరి పిల్లలు ఇంజినీర్లయ్యారు. అక్కడ అంతా బాగుందని కాదు. సరైన వసతులు లేవని 2022లో బాసర విద్యార్థులు ఎండా వానా లెక్కచేయక రోజుల తరబడి ధర్నాకి కూర్చున్నారు. లోపం నిర్వహణలో ఉంది, ఆలోచనలో లేదు.

ప్రభుత్వాలు మారేదాకా మనం ఆగలేం. ఈసారి అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టేముందు పీఆర్వోని నాలుగు మాటలు అడగండి. మా వాణ్ని ఏ సెక్షన్‌లో వేస్తారు, దేన్నిబట్టి? ఆ సెక్షన్‌కి పాఠాలు చెప్పేదెవరు? ఆదివారం నిజంగా సెలవేనా? కౌన్సెలర్ పేరేమిటి, ఒకసారి కలవొచ్చా? నీళ్లు నమిలితే ఇంటికొచ్చేయండి.

పిల్లలకీ ఒక మాట ముందే చెప్పి ఉంచండి. ఇంటర్ తప్పితే నెలా రెణ్నెల్లలో సప్లిమెంటరీ ఉంది, ఏడాది పోదు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మనసు మరీ బరువెక్కితే 14416 టెలీమానస్‌కి ఫోన్ చేయొచ్చు, రాత్రయినా పగలైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ కబురు రిజల్ట్స్ వచ్చాక చెబితే చెవికెక్కదు. ఇప్పుడే చెప్పాలి.

వచ్చే విజిటింగ్ ఆదివారం క్యారియర్ విప్పాక మార్కుల మెసేజ్ వచ్చిన ఫోన్ జేబులోనే ఉంచండి. "నిద్ర పడుతోందా నాన్నా?" అని అడగండి. జవాబు చెప్పడానికి వాడికి కాస్త సమయం పడుతుంది. ఆ ప్రశ్న వాణ్ని ఎవరూ అడిగి ఉండరు మరి.