మనుషుల్లేని కొండ... మాట్లాడే పెంకులు!

ఆ దీవిలో ఎవరూ పుట్టడానికి వీల్లేదు. చనిపోవడానికీ వీల్లేదు!

గ్రీసు దేశంలోని ఆ బుల్లి దీవి పేరు డెలోస్. అపోలో దేవుడు పుట్టిన చోటు కాబట్టి పవిత్రంగా ఉండాలంటూ క్రీ.పూ. 426లో ఏథెన్స్ వాళ్లు అక్కడి సమాధులన్నిటినీ తవ్వి పక్క దీవికి తరలించారు. నెలలు నిండిన ఆడవాళ్లనీ, అవసాన దశలో ఉన్నవాళ్లనీ పడవెక్కించి పంపేసేవారు. తర్వాత అదే దీవి పెద్ద వర్తక రేవుగా వెలిగింది. క్రీ.పూ. 88లో జరిగిన దాడితో దెబ్బతిని, క్రమంగా ఖాళీ అయిపోయింది. 1990లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పుడక్కడ ఊరు లేదు. చూడ్డానికి వెళ్లినవాళ్లు చీకటి పడేలోపు తిరిగి పడవెక్కాల్సిందే.

అంతదూరం ఎక్కడ వెళ్తాం అంటారా? దేవుడూ, రేవూ కలిసి వెలిగి, ఆనక మూగబోయిన చోటు మన శ్రీకాకుళం జిల్లాలోనూ ఉంది. అదే శాలిహుండం.

ధాన్యమా... ధాతువులా?

గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉందీ కొండ. ఊరంతా కిందే. పైన మాత్రం ఇటుక స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు నివసించిన విహారాల పునాదులు. పైకెక్కి చూస్తే ఓ పక్క నది, మరోపక్క పచ్చని చేలు. అయిదారు కిలోమీటర్ల దూరంలో కళింగపట్నం, దాన్ని ఆనుకుని బంగాళాఖాతం.

ఈ ఊరి అసలు పేరు శాలివాటిక అని కొందరంటారు. శాలి అంటే వరి. కాదు, అది శల్యపేటిక, అంటే అస్థికల పెట్టె అని ఇంకొందరి మాట. రెండూ నప్పేవే. చుట్టూ వరి పొలాలే, తవ్వకాల్లో దొరికినవేమో ధాతుపేటికలు!

గిడుగు కంటపడింది

ఈ కొండ విలువను 1919లో గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. అవును, వాడుక భాష కోసం పోరాడిన మన గిడుగే! ఆయన పుట్టింది వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో. ముఖలింగం గుడిలోని శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్న మనిషి. సవర భాషకు వ్యాకరణం రాసిన ఆ పెద్దాయన, మాటల్నే కాదు, రాళ్లనీ ఓపిగ్గా విన్నారన్నమాట.

తర్వాతి దశాబ్దాల్లో పురావస్తు శాఖ ఇక్కడ విడతలవారీగా తవ్వకాలు జరిపింది. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఆనవాళ్లు బయటపడ్డాయి. అంటే దాదాపు 1,400 ఏళ్లు! మొదట బుద్ధుడి గుర్తుగా స్తూపాన్నే కొలిచినవాళ్లు, తర్వాత విగ్రహాలకు మొక్కారు. చివరికి తార, మారీచి లాంటి వజ్రయాన దేవతలూ వచ్చారు. ఒక మతం ఎలా మారుతూ వచ్చిందో ఈ ఒక్క కొండే మెట్టుమెట్టుగా చెబుతుంది.

మారీచి ఉషోదయ దేవత. ఆమె రథాన్ని లాగేవి ఏడు వరాహాలు. ఇదే జిల్లాలోని అరసవల్లిలో సూర్యుడి రథానికేమో ఏడు గుర్రాలు. తూర్పు తీరం కదా, పొద్దుపొడుపు మీద మనవాళ్లకు మమకారం ఎక్కువే!

ఆ ఒక్క పెంకే...

ఇక్కడ దొరికిన వాటిలో బంగారం లాంటివి బ్రాహ్మీ లిపిలో రాతలున్న కుండ పెంకులు. రాజుల గొప్పలు శాసనాల్లో ఉంటాయి. రోజూ అన్నం తిన్న చేతుల జాడ మాత్రం ఇలాంటి పెంకుల్లోనే. అందుకే కొండెక్కినవాళ్లు సరదాకి ఓ పెంకు జేబులో వేసుకున్నా, ఇటుక మీద పేరు చెక్కినా, ఆ చరిత్రలో ఒక వాక్యం చెరిగిపోయినట్టే. కాపలా ఎంతున్నా, అసలు రక్షణ చూడవచ్చే మన చేతుల్లోనే ఉంది.

ఒకప్పుడు ఈ తీరానికి ఓడలెక్కి జనం వచ్చేవారు. ఇప్పుడు ఇదే జిల్లా నుంచి బతుకుతెరువు కోసం దూర తీరాలకు వలస పోతున్నారు. పండక్కి ఇంటికొచ్చిన వాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కసారి ఈ కొండెక్కిస్తే చాలు. తమ ఊరు వెనకబడిన ఊరు కాదనీ, ఒకనాడు ప్రపంచమే వెతుక్కుంటూ వచ్చిన ఊరనీ వాళ్లకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు.

ఎలా వెళ్లాలి?

శ్రీకాకుళం నుంచి సుమారు 18 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగాలి. కొండ దగ్గర చిన్న మ్యూజియం ఉంది. ఎండ ముదరకముందే కొండెక్కి, సాయంత్రానికి కళింగపట్నం బీచ్ చేరుకుంటే ఒక్కరోజులో రెండూ చూసేయొచ్చు.