ట్రాక్టరు ఫ్యాను బెల్టు: దమ్మునకు ముందే చేయవలసిన పని

నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద వరి పండించు నేరేడుచర్ల, మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతులకు దమ్ము దినములు మిక్కిలి ముఖ్యమైనవి. కాలువకు నీరు వచ్చినది మొదలు ఊరంతయు నొక్కమారే మడిలో దిగవలసియుండును. ఒకవైపు నారు ముదురుచుండును. వేరొకవైపు నాటు కూలీలు పొరుగూరికి తరలిపోవుదురు. 1967 ఆగస్టు 4వ తేదీన సాగరు కాలువలకు తొలిసారి నీరు విడిచిన కాలమున ఈ దమ్ము పని యెద్దులది, నేడది ట్రాక్టరులది. ఎద్దు అలసినచో తానే నిలిచిపోవును. ఇంజనుకు అట్టి వివేకము లేదు. నడపువాడే దాని గుర్తుల నెఱిగి నిలుపవలెను. పాత ట్రాక్టరులు గల సభ్యుల కుపయోగపడునని ఫ్యాను బెల్టు చేయు పనిని, అరిగినదానిని మార్చు విధమును ఇచ్చట వివరించుచున్నాము.

బెల్టు చేయు పని

ఇంజను ముందుభాగమున క్రాంకు షాఫ్టు కొనయందొక పుల్లీ కలదు. బెల్టు దానినుండి బయలుదేరి, ఫ్యానును నీటి పంపును త్రిప్పు పుల్లీని, ప్రక్కనున్న డైనమో లేక ఆల్టర్నేటరు పుల్లీని చుట్టివచ్చును. ఇంజనులో మండిన డీజిలు వేడిమిలో ఇంచుమించు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు నీటిలోనికి పోవును. ఆ నీటిని పంపు రేడియేటరునకు నడపవలెను. ఫ్యాను దానిని గాలిచే చల్లార్పవలెను. బెల్టు తెగినచో ఈ రెండు పనులును ఒక్కసారి నిలిచిపోవును.

దమ్ములో ట్రాక్టరు మెల్లగా నడుచుచు మిక్కుటమైన బరువు లాగును. రోడ్డుపై పోవునపుడు వలె ఎదురుగాలి తగులదు. కావున బెల్టు తెగిన కొలది నిమిషములలోనే నీరు మరుగును. అప్పటికిని ఇంజను నాపనిచో హెడ్డు గ్యాస్కెట్టు కాలుట, హెడ్డు వంగుట లేక పగులుట, పిస్టనులు సిలిండరులలో పట్టుకొనుట సంభవింపవచ్చును. కొలది వందల రూపాయల వస్తువును ఉపేక్షించినందున వేలకొలది రూపాయల మరమ్మతును, అంతకంటె విలువైన దమ్ము దినముల నష్టమును కలుగును.

బెల్టు పట్టు ఎచ్చటనున్నది?

పాత బియ్యపు మిల్లులలో పొడవైన చదును బెల్టులను పెక్కుమంది చూచియుందురు. అవి తమ అడుగు భాగముతో పుల్లీని పట్టుకొనును. ఫ్యాను బెల్టు అట్టిది కాదు. అమెరికాలో 1917లో జాన్ గేట్సు రూపొందించిన రబ్బరు బెల్టు జాతికిది చెందినది. ఇది పైన వెడల్పుగను క్రింద సన్నముగను ఉండి, కఱ్ఱలో దిగగొట్టిన చీలవలె పుల్లీ గాడిలో బిగిసికొనును. దీని పట్టంతయు రెండు ప్రక్కలయందే కలదు. బెల్టు అడుగు గాడి అడుగును తాకరాదు. ప్రక్కలు అరిగి బెల్టు క్రిందికి దిగి గాడి అడుగును తాకినచో పట్టు తప్పి జారును. ఎంత బిగించినను ప్రయోజనముండదు.

అరిగిన బెల్టు గుర్తులు

బెల్టు చెప్పకుండ తెగుట అరుదు. ఇంజనును నడపిన వెంటనే కీచుమని కూయుట, ఉష్ణమాపకపు ముల్లు వాడుకకంటె పైకి పోవుట, బ్యాటరీ చార్జింగు దీపము ఆరకుండుట దాని హెచ్చరికలు. ఇంజను నాపి, చల్లారిన పిమ్మట బెల్టును త్రిప్పి లోపలివైపు చూడవలెను. అడ్డముగా బీటలున్నను, అంచులనుండి నూలుపోగులు లేచినను, ప్రక్కలు అద్దమువలె మెఱయుచున్నను, నూనె త్రాగి ఉబ్బినను దానిని మార్పవలసినదే. నూనె పట్టియున్నచో అది కారుచున్న చోటును ముందుగా బాగుచేయవలెను. లేనిచో క్రొత్త బెల్టునకును అదే గతి పట్టును.

కూత మాన్పుటకై గుగ్గిలము పొడియో సబ్బో రుద్దు ఆచారము కొందఱియందు కలదు. పాత తోలు బెల్టులకు గుగ్గిలము చెల్లినది కాని రబ్బరు బెల్టునకు తగదు. కూత నిలిచినను కారణము నిలువదు.

క్రొత్త బెల్టును ఎంచుట

బెల్టు వీపుపై అచ్చొత్తిన సంఖ్యను, ట్రాక్టరు పుస్తకములోని సంఖ్యను సరిపోల్చి కొనవలెను. పాత బెల్టు సాగియుండును. కావున దాని పొడవును మాత్రమే కొలిచి తెచ్చుట పొరపాటు. వెడల్పునందు తేడాయున్నను పనికిరాదు. పరిశ్రమలలో వాడు బెల్టులలో ఏ రకము 13 మిల్లీమీటర్లును, బీ రకము 17 మిల్లీమీటర్లును వెడల్పు గలవి. ఒకదానికి బదులు వేరొకటి వేసినచో గాడిలో సరిగా కూర్చుండదు.

మార్చు విధానము

ఇంజను పూర్తిగా చల్లారవలెను. తాళము తీసి దగ్గఱ నుంచుకొని, బ్యాటరీ ఎర్తు తీగను విప్పవలెను. తువాలు, పంచె కొంగు వ్రేలాడకుండ కట్టుకొనవలెను.

మొదట డైనమోను పట్టియుంచు క్రింది బోల్టులను, పై కమ్మీ బోల్టును పానాతో వదులుచేయవలెను, ఊడదీయ నక్కఱలేదు. డైనమోను ఇంజనువైపునకు నెట్టినచో బెల్టు సడలును. దానిని పుల్లీలనుండి తప్పించి, ఫ్యాను రెక్కల నొక్కొక్కటిగా దాటించి వెలికి తీయవలెను.

పిమ్మట పుల్లీలను పరీక్షింపవలెను. చేతితో ఫ్యానును ముందు వెనుకలకు కదల్చినపుడు అది ఊగులాడినచో నీటి పంపు బేరింగు అరిగినదని యెఱుగవలెను. పుల్లీలన్నియు ఒకే వరుసలో నున్నవో లేదో దారము పట్టి చూడవలెను. గాళ్లలోని ఎండిన బురదను, నూనెను పొడిగుడ్డతో తుడువవలెను.

క్రొత్త బెల్టును చేతులతోనే ఎక్కింపవలెను. స్క్రూడ్రైవరుతో పొడిచి లాగినచో లోపలి దారములు తెగును. పైకి కానరాని ఆ గాయమే కొలదికాలములో బెల్టును త్రెంపును. తరువాత డైనమో ముందు కొనకు గట్టి కఱ్ఱ నానించి వెలుపలికి నొక్కి, బోల్టులు బిగింపవలెను. రెండు పుల్లీల నడుమ మిక్కిలి పొడవైన భాగమున బొటనవ్రేలితో నొక్కినచో సుమారు అర అంగుళము క్రుంగవలెను. ట్రాక్టరు పుస్తకము వేరు కొలత చెప్పినచో అదియే ప్రమాణము. మిక్కిలి వదులైనచో బెల్టు జారును. మిక్కిలి బిగువైనచో నీటి పంపు, డైనమో బేరింగులు చెడును.

ఎర్తు తీగను తిరిగి కలిపి, ఇంజనును పది నిమిషములు నడపి, ఆపి, బిగువును మరల చూడవలెను. క్రొత్త బెల్టు గాడిలో కూర్చుండి కొంచెము సాగుట సహజము. కావున మొదటి దినపు పని ముగిసిన పిమ్మట నొకమారు, దమ్ము జరుగునంత కాలము వారమున కొకమారు పరీక్షింపవలెను. బురదచిందులు బెల్టునకు ఆకురాయివంటివి. వానిని ఎప్పటికప్పుడు, ఇంజను చల్లారిన పిమ్మట, తుడుచుట మేలు.

మడిలో తెగినచో

ఇంజనును తక్షణమే ఆపవలెను, గట్టువఱకైనను నడపరాదు. వేడిగానున్నపుడు రేడియేటరు మూత తీయరాదు. మరుగునీరు పైకెగసి ముఖమును కాల్చును. వేడి ఇంజనుపై చన్నీరు పోయరాదు. తాడు కట్టి పని జరుపుకొందమను ఆశ కూడదు. తాడు జారును, ఇంజను చెడును.

సంఘము చేయదగినది

ఈ పని మడిలో దిగిన పిమ్మట చేయదగినది కాదు. వానాకాలపు దమ్మునకు జ్యేష్ఠములోను, యాసంగికి మార్గశిరములోను తీరికగా చేయదగినది. మంచి బెల్టు నొకదానిని నూనెయు ఎండయు తగులని చోట, వంచి మడువక, ట్రాక్టరు వెంట నుంచుకొనవలెను. సభ్యులందఱి ట్రాక్టరుల రకములను, బెల్టు సంఖ్యలను సంఘ కార్యాలయమున నొక పుస్తకమున వ్రాసి, ఎక్కువగా వాడుకలోనున్న రకములను రెండు మూడేసి నిలువ యుంచినచో, దమ్ము నడుమ బెల్టు తెగినవాడు పట్టణమునకు పరుగెత్త నక్కఱయుండదు. ఒక్కని ట్రాక్టరు ఆగినచో దానిని నమ్ముకొన్న పది కుటుంబముల నాట్లు వెనుకబడును. కావున నిది ఒక్కని పని కాదు, సంఘము పని. ఈ విషయమును సభ్యులు రాబోవు సమావేశమున ఆలోచింతురని కోరుచున్నాము.