సిబిల్ పట్టీలో మీ లెక్క మీరు చూచినారా?

బ్యాంకు గడప తొక్కిన నేత కుటుంబములకు "మీ సిబిల్ బాగా లేదు" అన్న మాట నేడు కొత్త కాదు. నూలుకో, మగ్గము మరమ్మతుకో ముద్రా ఋణము కోరిన సభ్యుడు ఆ మాట విని మారు పలుకక తిరిగి వచ్చుచున్నాడు. ఆ లెక్క ఎవరు వ్రాసినది, తప్పుంటే ఎవరు దిద్దవలెను అని అడుగువారు తక్కువ.

సిబిల్ ప్రభుత్వ కచేరీ కాదు; 2000లో ఏర్పడిన కంపెనీ. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను మరి మూడు కంపెనీలు ఇదే పని చేయుచున్నవి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన వాయిదాల లెక్క వీటికి పంపును. కొత్తగా అప్పు అడిగినవారి చరిత్రను వీటి నుండియే తెప్పించుకొనును. షావుకారు ఇచ్చిన అడ్వాన్సు, సంఘమిచ్చిన నూలు అరువు ఇందులో కెక్కవు. ముప్పది ఏండ్లుగా షావుకారుకు పైసా ఎగవేయనివాడు కూడ ఈ పట్టీలో చరిత్ర లేనివాడే! అయితే తొలిసారి అప్పు కోరువారిని చరిత్ర లేదన్న ఒక్క కారణముతో త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు సలహా ఇచ్చియున్నది. మన యువకులు ఈ సంగతి మేనేజరు ముందు చెప్పవచ్చును.

ఈ కంపెనీలను అదుపులో ఉంచుటకు పార్లమెంటు 2005లో చట్టము చేసినది. 2006 డిసెంబరులో అది అమలులోనికి వచ్చినది. రిజర్వు బ్యాంకు రిజిస్ట్రేషను లేనిదే ఎవరూ ఈ వ్యాపారము చేయరాదు. 2017 నుండి ఒక్కొక్క కంపెనీ ఏడాదికొక పూర్తి రిపోర్టును, మార్కులతో సహా, అడిగినవారికి ఉచితముగా ఇవ్వవలెను. నాలుగు కంపెనీలు గనుక నాలుగు రిపోర్టులు. మన రిపోర్టు మనము చూచుకొన్నందున మార్కులు తగ్గవు. డబ్బు తీసుకొని మార్కులు పెంచెదమని తిరుగు దళారులకు ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మొదట చూడవలసినది పేరు. పరాయి రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఇది పెద్ద చిక్కు. తెలుగు వరుసలో ఇంటిపేరు ముందు. సోలాపురములో పేరు, తండ్రి పేరు, ఆపైన ఇంటిపేరు. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరము. ఒకే మనిషి ఒక బ్యాంకులో ఒక విధముగా, మరొక బ్యాంకులో మరొక విధముగా నమోదగుచున్నాడు. పైగా ఒకే వీధిలో ఒకే ఇంటిపేరు వారు పదిమంది, తాత పేరు పెట్టుకొన్న మనుమలు నలుగురు! మా సంఘ సభ్యుడొకరి రిపోర్టులో ఆయన ఎన్నడూ కొనని మోటారు సైకిలు బాకీ కనబడినది. అది అదే పేరు గల పొరుగువానిది. వాయిదాలు తప్పినది అతడు, ఋణము తప్పిపోయినది ఈయనకు. పాన్ కార్డు నకలు జతపరచి వ్రాసిన మీదట ఆ పద్దు తొలగినది.

హామీ సంతకము పెట్టిన అప్పులు కూడ రిపోర్టులో కనబడును. బావమరిది కొరకు చేసిన సంతకము మీ కుమారుని అప్పుకు అడ్డు పడవచ్చును, చూచుకొనుడు. ఇక కొంత మాఫీ చేయించుకొని తీర్చిన బాకీని "సెటిల్డ్" అని వ్రాయుదురు. అది పూర్తిగా తీర్చిన "క్లోజ్డ్"తో సమానము కాదు. తగ్గింపుకు ఒప్పుకొనే ముందే ఈ తేడా ఎరిగియుండవలెను.

తప్పు కనబడిన, అప్పు ఇచ్చిన బ్యాంకుకైనను, పట్టీ కంపెనీకైనను ఫిర్యాదు పంపవచ్చును. పంపిన తేదీ, ఫిర్యాదు నంబరు భద్రపరచుకొనుడు. బ్యాంకు 21 దినములలో సరియైన లెక్క పంపవలెను; మొత్తము వ్యవహారము 30 దినములలో ముగియవలెను. గడువు మీరినచో రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునికి పరిహారము చెల్లించవలెనను నిబంధన 2024 ఏప్రిలు 26 నుండి అమలులో నున్నది. దిద్దుటకు నిరాకరించినచో కారణము తెలుపవలెను. 30 దినములైనను జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాసుకొనవచ్చును. ఈ పట్టీ కంపెనీలు 2022 సెప్టెంబరు 1 నుండి ఆయన పరిధిలోనికి వచ్చినవి. అక్కడ రుసుము లేదు, వకీలు అవసరము లేదు. మొదట పంపిన ఫిర్యాదు నకలు మాత్రము తప్పక జతపరచవలెను.