అంగన్‌వాడీ తలుపు తెరిచే వేళ

పిల్లల సంరక్షణ ఖర్చు అనగానే విజయవాడలో నెలజీతాల ఇళ్లకు గుర్తొచ్చేది ప్లేస్కూలు ఫీజు. కృష్ణా డెల్టా పల్లెల్లో ఆ ఖర్చుకు రసీదు ఉండదు. తల్లి పోగొట్టుకున్న కూలే అక్కడ ఫీజు.

నాట్ల రోజుల్లో ఆడకూలీలు తెల్లవారుతూనే ముఠాగా పొలానికి బయలుదేరతారు. ఇంట్లో చంటిబిడ్డను చూసే అత్తగారో అమ్మో లేకపోతే గట్టు మీద చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టాలి, లేదా బడికి పోవాల్సిన పెద్దపిల్లను కాపలా ఉంచాలి. రెండూ కుదరకపోతే పని మానుకోవాలి. కాలువలు నిండుగా పారే కాలమది. గట్టు మీద పాకే బిడ్డ గురించి తల్లికి ఎంత భయమో వేరే చెప్పనక్కర్లేదు.

ఉచిత చోటు అసలు లేదని కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీలు నడుస్తున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ ఆటపాటలు, అక్షరాలు, అన్నం, గుడ్డు, పాలు అన్నీ ఉచితమే. చిక్కు వయసుతోనూ వేళతోనూ వస్తోంది. మూడేళ్లలోపు బిడ్డకు పోషకాహారం ఇంటికిస్తారు, బరువు చూస్తారు, కానీ రోజంతా ఉంచుకోరు. కేంద్రం తెరిచేసరికి తల్లి మడిలో ఉంటుంది. నగరంలో బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయికి ఇదే కష్టం సాయంత్రం పూట ఎదురవుతుంది. కేంద్రం మూసేశాక కూడా ఆమె డ్యూటీ గంటల తరబడి మిగిలే ఉంటుంది.

చట్టాలకు కొదవలేదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలి. ఉపాధి హామీ పని దగ్గర చిన్నపిల్లలు ఐదుగురు, అంతకుమించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక కూలీని పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలి. ఎవరో రైతు పొలంలో నాట్లు వేసే మనిషికి, నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషికి ఈ రెండూ అందవు. రాజ్యాంగం కూడా ఇక్కడే తగ్గింది: ఆరేళ్లు నిండిన బిడ్డకు చదువు హక్కు, అంతకన్నా చిన్నబిడ్డ సంరక్షణకు 45వ అధికరణం కింద ప్రభుత్వ ప్రయత్నం మాత్రమే.

దారి చూపే పథకం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం 2022లో రూపుమార్చిన ‘పాల్నా’ కింద అంగన్‌వాడీలోనే ఆరు నెలల బిడ్డ నుంచి రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవచ్చు. చంటిబిడ్డల సంరక్షణ ఉచితంగా ఇవ్వడం సాధ్యమేనని ఇంగ్లండు చూపుతోంది: అక్కడ పనిచేసే తల్లిదండ్రుల బిడ్డలకు తొమ్మిది నెలల వయసు నుంచే, బడి నడిచే వారాల్లో వారానికి 30 గంటల ఉచిత సంరక్షణ 2025 సెప్టెంబరు నుంచి అందుతోంది.

అయితే ఉచితమన్న మాటకు మూల్యం అంగన్‌వాడీ కార్యకర్తల, వారికి సాయపడే ఆయాల జీతంలోంచి తీయకూడదు. 2023 డిసెంబరులో రాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజుల సమ్మెకు దిగేనాటికి వారి నెల వేతనం 11,500 రూపాయలు, ఆయాలకు 7,000. అదనపు గంటలకు అదనపు వేతనమిచ్చి, కనీసం నాట్లు, కోతల కాలంలోనైనా డెల్టా అంగన్‌వాడీలను తెల్లవారుజామునే తెరిపించాలి. మూడేళ్లలోపు బిడ్డనూ లోపలికి తీసుకోవాలి.