డబ్బా ముందు కాదు... వెనక చదవండి!

ప్రొటీన్‌ పౌడర్‌, మాస్‌ గెయినర్‌, ప్రీ వర్కౌట్‌... ఈవెంట్స్‌కి సిద్ధమయ్యే కుర్రాళ్ల గదుల్లో పుస్తకాల పక్కన ఇప్పుడివే. కొనేముందు ఏం చూడాలో తెలుసా?

ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌ కొలువు కావాలంటే అబ్బాయిలు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. అమ్మాయిలకైతే 1.6 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర నిమిషాలు. గ్రౌండ్‌లో కష్టపడుతుంటే పక్కనుంచి ఎవరో ఒకరు అంటారు... ‘మామా, ఈ పౌడర్‌ తాగు, నెలలో తేడా చూడు’ అని. ఇంట్లోవాళ్లు కోచింగ్‌కి పంపిన డబ్బుల్లోంచి వేలు తీసి కొనేస్తాం. డబ్బా మీద కండల బొమ్మ, పెద్ద అక్షరాల్లో హామీలు. అవన్నీ ప్రకటనే. అసలు సమాచారం వెనక, చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదవడం పది నిమిషాల పని.

లైసెన్స్‌ ఉంటే చాలా?

ప్రతి డబ్బా మీదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్‌ నంబరు ఉండాలి. ఆ సంస్థకు చెందిన ఫాస్కాస్‌ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఆ లైసెన్స్‌ ఎవరి పేరున ఉందో, ఇంకా చెల్లుతుందో లేదో తెలుస్తుంది. డబ్బా మీది పేరు, అక్కడి పేరు కలవకపోతే పక్కన పెట్టేయండి. విదేశీ బ్రాండ్‌ అయితే మన దేశంలో దిగుమతి చేసుకున్నవారి పేరు, చిరునామా, లైసెన్స్‌ నంబరు స్టిక్కర్‌ మీద ఉండాల్సిందే. ‘హెల్త్‌ సప్లిమెంట్‌’ అనీ, ఇది మందుగా వాడేది కాదనీ రాసి ఉండాలి. షుగర్‌ తగ్గిస్తుంది, జబ్బు నయం చేస్తుంది అని ఉంటే అది నిబంధనలకే విరుద్ధం.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. లైసెన్స్‌ అనేది వ్యాపారానికిచ్చే అనుమతి. మీ చేతిలోని డబ్బాను ఎవరో పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్‌ కాదు. నంబరు లేకపోతే కొనకూడదు, నిజమే. ఉన్నంత మాత్రాన నాణ్యత ఉన్నట్టు కాదు.

స్కూప్‌ లెక్క వేయండి

స్కూప్‌ బరువెంత, అందులో ప్రొటీన్‌ ఎంత? 30 గ్రాముల స్కూప్‌లో 24 గ్రాములుంటే 80 శాతం. అదే ఓ మాస్‌ గెయినర్‌లో 75 గ్రాముల స్కూప్‌కి 15 గ్రాములే ఉంటే 20 శాతం. మిగతాదాంట్లో ఎక్కువ భాగం చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్‌ లాంటి పిండిపదార్థాలే. పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదులో ఉన్నదాన్నే ముందు రాస్తారు. మొదటి పేరే మాల్టోడెక్స్‌ట్రిన్‌ అయితే మీరు కొంటున్నదేంటో అర్థమైపోతుంది.

నత్రజని మాయ

ప్రొటీన్‌ను కొలిచే సాధారణ పరీక్ష నిజానికి కొలిచేది నత్రజనిని. దాన్నిబట్టి ప్రొటీన్‌ లెక్కగడతారు. మోసానికి సందు ఇక్కడే. 2008లో చైనాలో పాలలో నీళ్లు కలిపి, పరీక్షలో దొరక్కుండా నత్రజని ఎక్కువుండే మెలమిన్‌ అనే రసాయనం కలిపారు. ఆ పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. పౌడర్లలో ఇదే కిటుకును చవగ్గా దొరికే గ్లైసిన్‌, టారిన్‌తో చేస్తారు. అవి విషం కాకపోయినా, కండకు కావాల్సిన పూర్తి ప్రొటీన్‌ కాదు. అందుకే వే ప్రొటీన్‌ డబ్బా మీద ఇవి విడిగా కలిపినట్టు కనిపిస్తే అనుమానించాలి. అమైనో ఆమ్లాల పట్టిక అసలే ఇవ్వకపోతే ఇంకో బ్రాండ్‌ చూసుకోవడం మేలు.

స్పోర్ట్స్‌ కోటావాళ్లూ... జాగ్రత్త!

‘ప్రొప్రైటరీ బ్లెండ్‌’ అని రాసి, ఏది ఎంత కలిపారో చెప్పని ప్రీ వర్కౌట్‌ల జోలికి వెళ్లొద్దు. కొన్నింటిలో లేబుల్‌ మీద లేని స్టెరాయిడ్లు, ఉత్ప్రేరకాలు బయటపడిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. డోప్‌ పరీక్షలో దొరికితే ‘నాకు తెలీదు సార్‌’ అంటే కుదరదు. ఒంట్లో ఏముందో దానికి ఆటగాడిదే బాధ్యత. తప్పదనుకుంటే ఇన్‌ఫార్మ్డ్‌ స్పోర్ట్‌ లాంటి స్వతంత్ర ధ్రువీకరణ ఉన్నదే తీసుకోండి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ డబ్బా బ్యాచ్‌ నంబరు ఉందో లేదో కూడా చూడండి.

బిల్లు లేకపోతే దిక్కులేదు

* జిమ్‌లో విడిగా, కవర్లో కట్టిచ్చే పౌడర్‌ వద్దు.
* ఆన్‌లైన్‌లో కొంటే బ్రాండ్‌ పేరుతో పాటు అమ్మేవారి పేరూ చూడండి.
* సీలు, బ్యాచ్‌ నంబరు, గడువు తేదీ సరిచూసుకోండి. ఖాళీ డబ్బాను అలాగే పారేయకుండా లేబుల్‌ చింపేయండి. అందులో నకిలీ నింపి మళ్లీ అమ్మే అవకాశం ఉంటుంది.
* బిల్లు దాచుకోండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కి ఫోన్‌ చేయొచ్చు.

అసలు అవసరమా?

హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం సాధారణ వ్యక్తికి కిలో బరువుకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్‌ కావాలి. 65 కిలోలుంటే 54 గ్రాములు. రెండు గుడ్లతో 12, అర లీటరు పాలు లేదా పెరుగుతో 16, గుప్పెడు పల్లీలు అంటే 50 గ్రాములతో 12, మరో 50 గ్రాముల శనగలు నానబెట్టుకుంటే దాదాపు ఇంకో 10... అక్కడికే దాదాపు 50. పప్పన్నం, చపాతీల్లోది అదనం. సాధన ఎక్కువగా చేసేవారికి మరికొంత కావాలి. అదీ ఇంకో రెండు గుడ్లతోనో, 50 గ్రాముల మీల్‌మేకర్‌తోనో వచ్చేస్తుంది. ఖర్చు లెక్కా చూడండి. 7 రూపాయల గుడ్డులో 6 గ్రాములంటే గ్రాము రూపాయి పావలా లోపే. 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఇదే సంస్థ కండల కోసం ప్రొటీన్‌ పౌడర్లు వాడొద్దని సూచించింది. కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టర్‌నడక్కుండా అసలు ముట్టుకోకూడదు. ఇక నీరసంగా ఉంటోందని అమ్మాయిలు పౌడర్‌ కొనేముందు హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించుకోవాలి. కొరత ఐరన్‌ది అయితే ప్రొటీన్‌ డబ్బా ఏం చేస్తుంది?

అదే ఉద్యోగమంటే?

‘ఇంట్లోంచే పని, హెల్త్‌ కోచ్‌ పోస్టు’ అంటూ సప్లిమెంట్లు అమ్మించే కాల్స్‌ కూడా నిరుద్యోగులకే ఎక్కువొస్తాయి. ఒక్క ప్రశ్న అడగండి: ఆదాయం సరుకు అమ్మితే వస్తుందా, మనుషుల్ని చేర్పిస్తే వస్తుందా? రెండోదైతే అది పిరమిడ్‌ పథకం. 2021 నాటి డైరెక్ట్‌ సెల్లింగ్‌ నిబంధనలు దాన్ని నిషేధించాయి. ముందు మీరే స్టాకు కొనాలన్నారా? నమస్కారం పెట్టి ఫోన్‌ పెట్టేయండి. ఉద్యోగమిచ్చేవాళ్లు జీతమిస్తారు కానీ డబ్బాలంటగట్టరు.