మిద్దె మీద షటిల్

పిల్లలకు ఆట అక్కర్లేదనే తల్లిదండ్రులు ప్రొద్దుటూరులోనూ ఇప్పుడు తక్కువే. వేసవి క్యాంపుకు ఫీజు కడతారు, బూట్లు కొనిస్తారు, బండి మీద దింపి, ఆట అయ్యేదాకా గేటు దగ్గర ఫోను చూస్తూ కూర్చుంటారు. నా పేచీ ఆ కూర్చోవడంతోనే. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో 4 నుంచి 7 ఏళ్ల పిల్లలు వందమందికి, వాళ్ల తల్లిదండ్రులకు కదలికను కొలిచే పరికరాలు తగిలించి లెక్కలు తీశారు. ఆ ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. ఇద్దరూ కదలని ఇళ్లతో పోలిస్తే, తల్లి చురుగ్గా ఉన్న ఇంట్లో బిడ్డ చురుగ్గా ఉండే అవకాశం 2 రెట్లు, తండ్రి చురుగ్గా ఉంటే 3.5 రెట్లు, ఇద్దరూ అయితే 5.8 రెట్లు. వందమంది చిన్న లెక్కే. ఒకటి ఇంకోదానికి కారణమని అది రుజువు చేయదు కూడా. ఒళ్లు తీరు వంశంలో వచ్చిందేమో, లేదా పిల్లలే పెద్దల్ని పరిగెత్తించారేమో! పరిగెత్తించినా నష్టమేమీ లేదు.

పెద్దలూ పిల్లలతో కలిసి ఆడాలంటే మన వైపు వినిపించే మొదటి జవాబు, ‘పొద్దస్తమానం కష్టం చేసేవాళ్లకు మళ్లీ ఆటలెందుకు?’ అని. పులివెందుల చీనీ తోటలో పొద్దున్నుంచి పనిచేసే రైతు విషయంలో ఈ మాట సగం నిజం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, పనిలో పడే శ్రమను కూడా అందులో కలిపింది. ఆ లెక్కన రైతుకు బాకీ లేదు. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో రాత్రిదాకా కూర్చునే యజమానికి మాత్రం ఉంది. అయితే రైతు ఇంట్లోనూ ఇంకో చిక్కుంది. ‘చదువుకోకపోతే నీకూ ఈ మట్టి పనే గతి’ అని బిడ్డను బెదిరించేది మనమే. ఒళ్లు కదిలించడమంటే శిక్ష అని పదేళ్లు నూరిపోసి, ఆ తర్వాత మైదానానికి పొమ్మంటే వాడు ఫోను వదులుతాడా? సరదా కోసం ఒళ్లు కదిలించే పెద్దలు మన దేశంలో ఎంత తక్కువో 2014లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం చూపింది. అది పరిశీలించిన నాలుగు ప్రాంతాల్లో అలాంటివాళ్లు పదిశాతం కూడా లేరు.

తల్లిదండ్రులు దిగితే ఆట కాస్తా పరీక్ష అయిపోతుందన్న రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. హద్దు గీత పక్కన నిలబడి అరిచే తండ్రుల్ని చూస్తే ఎవరికైనా ఆ భయం కలుగుతుంది. అందుకే ఆటను ఎంచుకునేది పిల్లలే కావాలి. పి.వి.రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో సభ్యుడు, భార్య విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. వాళ్ల బిడ్డ సింధు మాత్రం షటిల్ రాకెట్ పట్టింది. ఆటంటే ఇష్టం ఇంటి నుంచి వచ్చింది, ఏ ఆటో తేల్చుకున్నది ఆ పిల్ల. 2025 మహిళల ప్రపంచకప్ గెలిచిన భారత జట్టు స్పిన్నర్ శ్రీచరణిది మన కడప జిల్లాలోని ఎర్రమల్లె. చిన్నప్పుడు ఆమెతో క్రికెట్ ఆడినవాడు మేనమామ. అందరూ సింధులు, చరణులు కారు, కానక్కర్లేదు. పిల్లవాడి సరదా ఆట కూడా కానక్కర్లేదు. ఫోటోల పిచ్చి ఉంటే జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట ఉంది. ధాన్యాగారం, జుమ్మా మసీదు, మాధవరాయస్వామి గుడి చూసుకుంటూ పెన్న లోయ అంచుదాకా నడిస్తే తండ్రి కాళ్లకు కావలసినంత పని. ఏ వెలుగులో బొమ్మ బాగా వస్తుందో వాడు చెప్తుంటే వినడం ఇంకా మంచి పని. ఇంట్లో వాడికి ఆ పెద్దరికం ఎప్పుడు దొరుకుతుంది గనక?

తీరిక లేదన్న మాటను తండ్రుల నోట నేను అంతగా నమ్మను. 150 నిమిషాలంటే రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు. తల్లుల సంగతి వేరు. దేశంలో 2022 నాటికి చాలినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్లు 57 శాతం, మగవాళ్లు 42 శాతం అని అంచనా. మన చిన్న ఊళ్లలో పెళ్లయిన ఆడమనిషి మైదానంలో రాకెట్ పట్టుకుంటే చూసే కళ్లు ఎన్నో, ఇంట్లో వంట, అంట్లు ఎలాగూ తప్పవు. మే నెల ఎండల్లో బయట ఆటంటే పొద్దున ఏడులోపు, లేదంటే పొద్దుగూకాక. సరిగ్గా ఆ రెండు వేళల్లోనే ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. మిద్దె మీద తాడు కట్టి షటిల్ ఆడటానికి మైదానం అక్కర్లేదు, కానీ ఆ అరగంట పొయ్యి దగ్గర ఇంకెవరో నిలబడాలి.