కుట్లు విప్పినా ఫర్వాలేదు!

'మూత విప్పారా... వారంటీ గోవిందా!' ఏ గ్యాడ్జెట్ కొన్నా వినిపించే హెచ్చరికే ఇది. 2006 ఆగస్టులో అమెరికాలో జరిగిన ఫూ క్యాంప్‌లో 'చంబీ' తయారీదారులు మాత్రం ఇంకా మార్కెట్లోకి రాని తమ బుల్లి కంప్యూటర్ నమూనాలను ఉచితంగా పంచి, నచ్చినట్టు మార్చుకోమన్నారు. ఇక చూడండి, కంప్యూటర్ ప్రియులకు ఒకటే ఎదురుచూపులు!

చూడ్డానికిది తోలు తొడుగేసిన బుజ్జి దిండు. ముఖాన మూడున్నర అంగుళాల టచ్‌స్క్రీన్, లోపల లైనక్స్. వై-ఫై ద్వారా వార్తలు, వాతావరణం, ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. మెనూ కావాలా? దిండును గట్టిగా నొక్కితే సరి! సర్క్యూట్ బొమ్మల్నీ అందరి ముందూ పెట్టేశారు. ఎక్స్‌బాక్స్ గుట్టు విప్పిన ఆండ్రూ హువాంగే దీని హార్డ్‌వేర్ రూపకర్త మరి, దాపరికం ఎందుకుంటుంది!

2008లో సుమారు 180 డాలర్లకు అమ్మకానికొచ్చింది. మంచం పక్కన పెట్టుకునే వస్తువుకు అది కాస్త ఎక్కువే. పైగా 2007లోనే వచ్చిన ఐఫోన్ ఈ పనులన్నిటినీ జేబులోకి చేర్చేసింది. 2012లో కంపెనీ మూతపడింది. మరుసటి ఏడాది సర్వర్లు ఆగేసరికి, కొన్నవాళ్ల తెరమీద మిగిలింది ఓ గడియారం! అయితే గుట్టంతా ముందే చేతిలో ఉందిగా... ఔత్సాహికులు సర్వర్ అవసరంలేని సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా తయారుచేసుకుని దిండును మళ్లీ నిద్రలేపారు.